బంతి దగ్గరే మూడు వారాలు: క్యారెక్టర్ యానిమేషన్ నేర్చుకుంటున్న నా అనుభవం

యానిమేషన్ నేర్చుకుంటున్నా అని చెప్తే చాలు, వెంటనే వచ్చే ప్రశ్న "అయితే బొమ్మలు బాగా గీస్తావా?" అని. నాకు గీయడం రాదు. మనిషిని గీస్తే చేతులు గరిటెల్లా వస్తాయి. త్రీడీలో గీయాల్సిన పని లేదు, బొమ్మ ముందే తయారై ఉంటుంది, మనం దాన్ని కదిలించడమే అని ఎవరో చెప్తే నమ్మి దిగా. అది అబద్ధమేమీ కాదు గానీ, ఆ "కదిలించడమే" అన్న మాట వెనకాల ఎంత ఉందో చెప్పినవాళ్ళకి కూడా తెలిసినట్టు లేదు.

మొదట చేరిన చోట (పేరు వద్దులెండి) నాలుగు నెలలు బటన్లు నేర్పించారు. మోడలింగ్ కొంచెం, టెక్స్చరింగ్ కొంచెం, లైటింగ్ కొంచెం, అన్నీ రుచి చూపించి చివర్లో రెండు వారాలు యానిమేషన్ అన్నారు. కీ పెట్టు (ఈ క్షణంలో బొమ్మ ఇక్కడ ఉండాలి అని వేసే గుర్తు), ఇరవై ఫ్రేములు (వీడియోలో ఒక్కో స్టిల్ ఒక ఫ్రేము) ముందుకెళ్ళు, బొమ్మని జరుపు, ఇంకో కీ పెట్టు, ప్లే నొక్కు. కదిలింది. అందరం చప్పట్లు కొట్టుకున్నాం. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని నేను నిజంగానే యానిమేటర్ అయిపోయా అనుకున్నా. తర్వాత, స్టూడియోలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక సార్ ఆన్‌లైన్‌లో చిన్న బ్యాచ్ తీసుకుంటున్నారని తెలిసి అందులో చేరా. ఆయన మొదటి రోజు ఇచ్చింది ఒక బంతి. పై నుంచి పడాలి, నాలుగైదు సార్లు ఎగరాలి, ఆగాలి, అంతే. నేను పూర్తి క్యారెక్టర్‌నే కదిలించి వచ్చా, నాకు బంతి ఇస్తారేంటి అని లోపల నవ్వుకున్నా. ఆ బంతి దగ్గర మూడు వారాలు ఉన్నా.

నా మొదటి బంతిలో దాదాపు నలభై కీలు ఉన్నాయి. మూడేసి ఫ్రేములకి ఒకటి, కంటికి ఎక్కడ బాగోలేదో అక్కడ ఇంకోటి. అప్పట్లో నాకో నమ్మకం ఉండేది, కీలు ఎన్ని ఎక్కువ పెడితే అంత కష్టపడ్డట్టు, అంత బాగా వచ్చినట్టు అని. వీడియో పంపిస్తే సార్ చూసి "ఇది బంతా, బెలూనా?" అన్నారు. నాకేం అర్థం కాలేదు. ఎగురుతోంది కదా సార్ అన్నా. ఎగురుతోంది, కానీ చందమామ మీద ఎగురుతోంది అన్నారు.

విషయం ఏంటంటే, నేను ఒక్కో బౌన్స్‌కి ఎత్తు తగ్గించుకుంటూ వచ్చా గానీ టైమ్ తగ్గించలేదు. మొదటి బౌన్స్ 24 ఫ్రేములు, రెండోదీ 24, చిట్టచివర వేలెడంత ఎగిరే బుల్లి బౌన్స్ కూడా 24. ఎత్తు తగ్గితే పడే టైమ్ కూడా తగ్గాలి కదా, భూమి లాగడం మధ్యలో మారదు కదా. సార్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. సెకనుకి 24 ఫ్రేములు అనుకుంటే, సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన వస్తువు నేలకి తగలడానికి అర సెకను, అంటే 12 ఫ్రేములు. అది మళ్ళీ అందులో 60 శాతం ఎత్తుకి లేస్తుంది అనుకుంటే పైకి వెళ్ళడానికి 9, దిగడానికి 9. ఆ తర్వాతది 7, 7. ఇలా ముడుచుకుంటూ పోవాలి. అందుకే నిజం బంతి చివర్లో టకటకటక అని ఆగుతుంది, ఆ చప్పుడు మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు, కీలు పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఇంకో సంగతి, ఆ 12 ఫ్రేముల్లో కూడా సమానంగా పడదు. మూడేసి ఫ్రేములు ఒక ముక్క అనుకుని నాలుగు ముక్కలు చేస్తే, ఒక్కో ముక్కలో పడే దూరం 1, 3, 5, 7 లెక్కన పెరుగుతుంది, ఇది గెలీలియో నాటి లెక్క. అంటే మొదటి మూడు ఫ్రేముల్లో బంతి పట్టుమని ఏడున్నర సెంటీమీటర్లు దిగుతుంది, చివరి మూడు ఫ్రేముల్లో అర మీటర్ పైనే దిగుతుంది. ఫిజిక్స్‌లో ఇది చదివా, మార్కులు కూడా వచ్చాయి, కానీ కళ్ళతో చూసింది మాత్రం అప్పుడే. ఎన్ని ఫ్రేములు పట్టింది అన్నది టైమింగ్, ఆ ఫ్రేముల్లో ఎక్కడెక్కడ ఉంది అన్నది స్పేసింగ్. ఈ రెండు మాటలూ అప్పటిదాకా నేను ఒకటే అనుకుంటూ వాడేస్తున్నా.

తర్వాత సార్ చెప్పింది వింటే గుండె ఆగినంత పనైంది. "అన్నీ డిలీట్ చెయ్." నలభై కీలు! నేల తాకిన చోట ఒక కీ, పైన మలుపు దగ్గర ఒక కీ, అంతకు మించి ఒక్కటి కూడా వద్దు, మిగతాది గ్రాఫ్ ఎడిటర్‌లో చూసుకో అన్నారు. గ్రాఫ్ ఎడిటర్ అంటే అప్పటిదాకా నేను పొరపాటున కూడా తెరవని కిటికీ. అడ్డంగా టైమ్, నిలువుగా ఎత్తు, మధ్యలో ఒక గీత. గీత ఎంత నిటారుగా ఉంటే అంత స్పీడ్, ఎంత వాలిపోతే అంత నెమ్మది. నా గీత పైన కొండలా గుండ్రంగా ఉంది, అది కరెక్టే, బంతి పైన నెమ్మదిస్తుంది. కానీ కింద నేల దగ్గర కూడా గుండ్రంగానే ఉంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఏ కీ ఇచ్చినా దానంతటదే నున్నగా చేసేస్తుంది. అంటే నా బంతి నేల దగ్గరకొచ్చి, మర్యాదగా స్పీడ్ తగ్గించుకుని, మెల్లగా తాకి, మెల్లగా లేస్తోంది. నేల దగ్గర హ్యాండిల్స్ (కీకి రెండు వైపులా ఉండి గీత వంపుని మార్చే పుల్లలు) విడగొట్టి కత్తి మొనలా పదునుగా చేశా. పక్కకి వెళ్ళే కర్వ్‌ని దాదాపు తిన్నని గీత చేశా. ప్లే నొక్కా. ఠప్. ఠప్. ఠప్ ఠప్. అర్ధరాత్రి దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను ఒక్కదాన్నే ఒక బూడిద రంగు గుండ్రటి బంతిని ఒక యాభై సార్లు చూసి ఉంటా.

మూడు వారాలూ దీనికే కాదులెండి, తర్వాత అదే బంతిని ఇనప గుండులా ఒకసారి, టేబుల్ టెన్నిస్ బంతిలా ఒకసారి చేయమన్నారు. రంగు మార్చకూడదు, సైజు మార్చకూడదు, చూసినవాళ్ళకి మాత్రం ఏది ఏదో తెలిసిపోవాలి. స్క్వాష్, స్ట్రెచ్ అని ఒకటి నేర్చుకుని దాన్ని ఎడాపెడా వాడి ఇనప గుండుని కూడా జెల్లీ చేసి పెట్టా. నొక్కినప్పుడు పక్కకి ఉబ్బాలి, సాగినప్పుడు సన్నబడాలి, మొత్తం పరిమాణం మారకూడదు అని అప్పుడు తిట్టించుకుని తెలుసుకున్నా.

ఇక్కడ యానిమేషన్‌కి పునాదిగా చెప్పే పన్నెండు సూత్రాల గురించి ఒక మాట. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అని డిస్నీలో పనిచేసిన ఇద్దరు పాత యానిమేటర్లు 1981లో వీటిని పుస్తకంలో పెట్టారు, 1987లో జాన్ లాసెటర్ అనే యానిమేటర్ వీటిని త్రీడీకి ఎలా వాడాలో చెప్తూ ఒక పేపర్ రాశాడు. మొదటి ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఈ పన్నెండూ బట్టీ పట్టా, నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పేదాన్ని. బంతిని బెలూన్ చేసింది కూడా ఆ పన్నెండూ వచ్చిన ఈ మనిషే.

బంతి అయ్యాక తోక ఉన్న బంతి, తర్వాత కాళ్ళు మాత్రమే ఉన్న బొమ్మ, తర్వాత పూర్తి మనిషి రిగ్. రిగ్ అంటే బొమ్మ లోపలి ఎముకలూ, వాటిని లాగడానికి బయట కంట్రోల్సూ. నేను వాడేది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్, 2002 నుంచి ఓపెన్ సోర్స్ కాబట్టి డబ్బు కట్టే పని లేదు, అందుకే అది. దాంట్లో నన్ను ఏడిపించింది రొటేషన్. ఎముకల రొటేషన్ మామూలుగా క్వాటర్నియన్ అనే నాలుగు అంకెల లెక్కలో ఉంటుంది, గ్రాఫ్ తెరిస్తే మూడు గీతలకి బదులు నాలుగు కనిపిస్తాయి, ఏ గీత జరిపితే ఏమవుతుందో బ్రహ్మకే తెలియాలి. సరే అని ఆయిలర్‌కి, అంటే మూడు కోణాల లెక్కకి మారిస్తే మూడే గీతలు, హాయిగా అర్థమవుతాయి, కానీ చెయ్యి ఒక కోణం దాటి తిరిగాక రెండు యాక్సిస్‌లు ఒకదానిమీద ఒకటి వాలిపోయి మూడో వైపుకి తిరగనంటుంది, దీన్నే గింబల్ లాక్ అంటారు. నేనేమో సగం షాట్ అయ్యాక మోడ్ మార్చా. అప్పటిదాకా పెట్టిన కీలు పాత మోడ్‌వి, కొత్త మోడ్‌లో అవి పనిచేయవు, చెయ్యి వెళ్ళి వీపు లోపల దూరింది. షాట్ మొదలుపెట్టకముందే ఏ కంట్రోల్‌కి ఏ మోడ్ అన్నది తేల్చుకోండి, అంతకన్నా దీని గురించి రాసే ఓపిక లేదు.

ఆటో కీ కూడా అంతే, ఏది జరిపినా దానంతటదే కీ పెట్టేసే బటన్ అది. ఆన్‌లో ఉన్న సంగతి మర్చిపోయి, ఊరికే వెనక నుంచి చూద్దామని తల కొంచెం తిప్పా. ఫ్రేమ్ 37లో ఒక కీ పడింది. రెండు రోజులు తల ఎందుకు జెర్క్ ఇస్తోందో వెతికా.

నడక గురించి చెప్పాలి. రోజూ నడుస్తాం, రోజూ వందల మంది నడవడం చూస్తాం, అయినా నా మొదటి నడకలో కుడి కాలు ముందుకెళ్ళినప్పుడు కుడి చెయ్యే ముందుకెళ్ళింది. నేను గమనించలేదు కూడా, అక్క వెనక నుంచి చూసి "వీడేంట్రా బాబూ ఇలా నడుస్తున్నాడు" అంటే లేచి గదిలో నడిచి చూసుకున్నా. నిజమే, ఎదురు చెయ్యి. నడకకి నాలుగు పోజులు: మడమ నేల తాకేది, బరువు పడి ఒళ్ళు కిందకి దిగేది, ఒక కాలు ఇంకో కాలి పక్కనుంచి దాటేది, ఒళ్ళు పైకి లేచేది. మామూలుగా ఒక అడుగుకి 12 ఫ్రేములు, అంటే 1లో తాకితే 4లో కింద, 7లో దాటడం, 10లో పైన, 13లో రెండో కాలు తాకుతుంది. నేను అనుకున్నదేంటంటే కాళ్ళు బాగా చాపి ఉన్నప్పుడు, అంటే మడమ తాకినప్పుడే, మనిషి అన్నిటికన్నా కిందకి ఉంటాడని. కాదు, తాకాక బరువు ఆ కాలి మీదకొచ్చి మోకాలు వంగినప్పుడు ఉంటాడు. ఆ మూడు ఫ్రేముల తేడాతోనే బరువు కనిపిస్తుంది, లేకపోతే గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ఇంకా మోకాలు ఠక్కున నిటారైపోయి మళ్ళీ వంగడం ఒకటి, ఐకే (పాదాన్ని జరిపితే మోకాలు దానంతటదే వంగే ఏర్పాటు) కాలిని పూర్తిగా లాగేస్తే అది జరుగుతుంది, నేను మోకాలి మీద ఒక వారం కుస్తీ పట్టా, చివరికి తప్పు మోకాలిది కాదు, నడుముది. నడుము కొంచెం కిందకి దించితే మోకాలు దానంతటదే సర్దుకుంది. అప్పట్నుంచి కాలు తప్పుగా ఉంటే నడుము చూస్తా, చెయ్యి తప్పుగా ఉన్నా నడుమే చూస్తా.

అన్నిటికన్నా నాకు బుద్ధొచ్చింది పెట్టె దగ్గర. అసైన్‌మెంట్: బొమ్మ వచ్చి బరువైన పెట్టె ఎత్తి బల్ల మీద పెట్టాలి. నేను పోజులన్నీ శ్రద్ధగా పెట్టా, ముఖం చిట్లించినట్టు పెట్టా, చెమట చుక్కలు కూడా పెడదామనుకున్నా. సార్ చూసి ఒకటే అడిగారు, "పెట్టెలో ఏముంది?" నేను నీళ్ళు నమిలా. బరువైనది సార్ అన్నా. "బరువైనది ఏంటి, గాజు సామానా, ఇనప సామానా, పుస్తకాలా? వాడికి అది బరువని ముందే తెలుసా, తెలీదా?" నేను వాటిల్లో ఒక్కటి కూడా ఆలోచించలేదు.

రిఫరెన్స్, అంటే చూసి చేయడానికి ఒక నిజం వీడియో, తీసుకోమన్నారు. ఫోన్ కుర్చీకి ఆనించి, ఖాళీ అట్టపెట్టె ఎత్తుతూ బరువు నటించా. చూస్తే మూకీ సినిమాలో చెడ్డ నటుడిలా ఉంది. విసుగొచ్చి ఇంట్లో ఉన్న 20 లీటర్ల నీళ్ళ క్యాన్ నింపి ఎత్తా, దాదాపు 20 కేజీలు కాబట్టి నటించే అవసరం లేకపోయింది. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే అసలు సంగతి బయటపడింది. ఖాళీ పెట్టె ఎత్తేటప్పుడు ముందు నా చేతులు కదిలాయి. నిండు క్యాన్ ఎత్తేటప్పుడు ముందు నా పాదాలు కదిలాయి, రెండూ ఎడమయ్యాయి, ఒకటి క్యాన్ పక్కకి జరిగింది. తర్వాత నడుము దిగింది. చేతులు పట్టుకున్నాక కొన్ని ఫ్రేములు క్యాన్ అస్సలు కదల్లేదు, భుజాలు కిందకి సాగాయి, మోచేతులు నిటారైపోయాయి, అప్పుడు ఒళ్ళు వెనక్కి వాలింది, అది వాలాక క్యాన్ లేచింది. ముఖం మాత్రం దాదాపు ఏమీ లేదు, నోరు బిగించా అంతే. నేనేమో చిట్లింపులన్నీ ముఖానికి పెట్టి, పాదాలని నేలకి అతికించి వదిలేశా.

అలాగని రిఫరెన్స్‌ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టినా పనవ్వలేదు. అలా వీడియో మీద ఫ్రేమ్ ఫ్రేమ్‌గా గీసే పద్ధతి ఉంది, రోటోస్కోప్ అంటారు, మ్యాక్స్ ఫ్లైషర్ అనే యానిమేటర్ 1910ల్లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. నేను త్రీడీలో అదే పని చేశా, ప్రతి రెండు ఫ్రేములకీ బొమ్మని వీడియోకి అతికించా. మళ్ళీ కీల వర్షం. వచ్చింది చూస్తే నిజానికి దగ్గరగా ఉంది గానీ జీవం లేదు, వణుకుతున్నట్టు ఉంది. బొమ్మ తల పెద్దది, కాళ్ళు పొట్టి, నా కొలతలు దానికెలా సరిపోతాయి? అన్నీ పీకేసి, వీడియో నుంచి ఏడు పోజులు మాత్రం తీసుకుని, వాటిని కొంచెం పెంచి పెట్టా. ఒళ్ళు వెనక్కి వాలేది నాకన్నా ఇంకా ఎక్కువ, నడుము దిగేది ఇంకా ఎక్కువ. అలా పోజు మీంచి పోజుకి గెంతే స్టేజ్‌ని బ్లాకింగ్ అంటారు, అందులో బాగా ఉండేది. స్మూత్ కర్వ్‌లకి మార్చగానే మొత్తం నీళ్ళలో తేలుతున్నట్టు అయిపోయింది. ఇది అందరికీ అవుతుందట, దీన్ని స్ప్లైన్ నరకం అంటారట, స్ప్లైన్ అంటే ఆ స్మూత్ కర్వే. పోజు ఆగాల్సిన చోట అదే పోజు ఇంకో కీ పెట్టి పట్టి ఉంచితే కొంచెం దారికొచ్చింది. ఆ పెట్టెని చేతికి అతికించే చైల్డ్ ఆఫ్ కన్‌స్ట్రెయింట్ మాత్రం సరిగ్గా పట్టుకున్న ఫ్రేములో పెట్టెని సీన్ బయటికి విసిరేసేది, సెట్ ఇన్వర్స్ అనే బటన్ నొక్కాలని తెలియక ఒక ఆదివారం పోయింది.

తర్వాత డైలాగ్ షాట్. నేను ఎంచుకున్న సీన్ ఏంటంటే, ఒక చిన్న పిల్లాడు అలిగి "అమ్మా, నేను నీతో మాట్లాడను పో!" అని అటు తిరిగి చేతులు కట్టుకుని నిలబడతాడు, కాసేపాగి అమ్మ చూస్తోందా లేదా అని ఓరకంట చూస్తాడు. ఎనిమిది సెకన్లు, 192 ఫ్రేములు. గొంతు నాదే, పిల్లాడిలా మార్చి రికార్డ్ చేశా, అది వినమని మాత్రం అడగొద్దు.

పెదాల కదలిక కోసం ఎక్కడ చూసినా ఇంగ్లీష్ అక్షరాల చార్టులే. దాన్ని పెట్టుకుని ఒక్కో అక్షరానికీ ఒక్కో నోరు పెట్టా. పిల్లాడు మాట్లాడుతున్నట్టు లేదు, ఏదో నములుతున్నట్టు ఉంది. సార్ అన్నారు, గడ్డం కింద వేలు పెట్టుకుని డైలాగ్ మామూలుగా చెప్పు, వేలు ఎన్ని సార్లు కిందకి దిగిందో లెక్కపెట్టు అని. నేను గట్టిగా దిగిందనుకున్నవి రెండే, "అమ్మా" దగ్గర ఒకటి, "మాట్లా" దగ్గర ఒకటి. పెదాలు పూర్తిగా కలిసేవి? మొత్తం డైలాగ్‌లో మూడే చోట్ల, "అమ్మా"లో మ్మ, "మాట్లాడను"లో మ, "పో"లో ప. "నేను నీతో" అంతా నాలుక పని, పెదాలు కలవనే కలవవు. నేనేమో అక్కడ ఆరేడు నోళ్ళు పెట్టా.

ఇంకా తవ్వితే ఇంకా బయటపడింది. "అమ్మా"లో నేను పెదాల్ని ఒక్క ఫ్రేము మూశా, అది కంటికి అందలేదు, పిల్లాడు "అఆ" అంటున్నట్టు కనిపించింది. మామూలు మ కి రెండు ఫ్రేములైనా ఉండాలట, పైగా ఇది ఒత్తు ఉన్న మ్మ, నోటితో అని చూడండి, పెదాలు కాసేపు అతుక్కునే ఉంటాయి. నాలుగు ఫ్రేములు ఇచ్చా, "అమ్మా" వినబడటమే కాదు, కనబడింది. "పో" అనేటప్పుడు ఓ కోసం పెదాలు గుండ్రంగా అవ్వడం ప తర్వాత మొదలవ్వదు, ప అంటున్నప్పుడే అప్పటికే ముందుకొచ్చి ఉంటాయి, అద్దం ముందు "పా", "పో" అని మార్చి మార్చి అంటే తెలుస్తుంది (తలుపు వేసుకుని అనండి). మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, అందుకని మాట అయిపోగానే నోరు టప్పున మూసేస్తే కీలుబొమ్మలా ఉంటుంది, అది మెల్లగా వదులవ్వాలి. నోరు శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, ఇది ఎందుకో నాకు ఇప్పటికీ విచిత్రమే, పెట్టి చూస్తే మాత్రం నిజం.

పెదాలు దారిన పడ్డాయి, అలక పడలేదు. అటు తిరిగి నిలబడ్డ ఆ మూడు సెకన్లూ ఖాళీగా ఉంటే చూసేవాళ్ళకి బోర్ కొడుతుందని భయం నాకు. అందుకని కాలు నేలకేసి కొట్టించా, భుజం ఎగరేయించా, తల అటూ ఇటూ ఊపించా. అక్కకి చూపించి ఏమనిపిస్తోంది అన్నా. "వీడికెక్కడో దురద పెడుతోంది" అంది. సార్‌కి పంపిస్తే ఆయన కూడా దాదాపు అదే, కాకపోతే మర్యాదగా, "అలిగినవాడికి అందరూ తనని చూడాలని ఉంటుంది, కానీ తను ఎవర్నీ చూడనట్టు ఉండాలి, మరి వాడెందుకు ఇంత పని పెట్టుకున్నాడు?" అన్నారు. మళ్ళీ డిలీట్. అలా అని అన్నీ తీసేస్తే త్రీడీ బొమ్మ అక్కడికక్కడ చచ్చిపోతుంది, చేత్తో గీసిన బొమ్మ కదలకుండా ఉన్నా పర్లేదు గానీ త్రీడీలో అన్నీ ఒకేసారి ఆగితే బొమ్మ ఫ్రీజ్ అయిందనుకుంటారు. దానికి మూవింగ్ హోల్డ్ అని ఉంటుంది, పోజు అదే, దాంట్లోకే ఇంకా కొంచెం కొంచెం కూరుకుపోతూ ఉండటం. గడ్డం ఇంకో రెండు డిగ్రీలు కిందకి, భుజాలు ఇంకో కాస్త పైకి, కట్టుకున్న చేతులు ఇంకాస్త బిగువు, మూడు సెకన్ల పొడుగునా అంతే. తర్వాత కళ్ళు మాత్రం రెండు ఫ్రేముల్లో పక్కకి, అక్కడ పన్నెండు ఫ్రేములు ఆగి, మళ్ళీ రెండు ఫ్రేముల్లో వెనక్కి. తల తిప్పలేదు. తల తిప్పితే అలక పోతుంది.

రెండర్ (కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునీ పూర్తి బొమ్మగా తయారుచేయడం) సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా స్వయంకృతం. ఇంతకు ముందు ఒకసారి నేరుగా వీడియో ఫైల్‌గా రెండర్ పెడితే మధ్యలో కరెంట్ పోయి ఫైల్ మొత్తం పనికిరాకుండా పోయింది, అప్పట్నుంచి ఫ్రేముకో బొమ్మ చొప్పున పీఎన్‌జీలుగానే చేస్తున్నా. ఈ షాట్‌ని లైట్లు పెట్టి ఉంచిన వేరే ఫైల్‌లోకి తెచ్చుకుని రాత్రి రెండర్ పెట్టా, ఫ్రేముకి మూడు నిమిషాలు, 192 ఫ్రేములు, అంటే తొమ్మిదిన్నర గంటల పైనే. పొద్దున్న సౌండ్ కలిపి చూస్తే మొదట్లో బానే ఉంది, రానురాను పెదాలు ముందుకెళ్ళిపోతున్నాయి, చివరికొచ్చేసరికి బొమ్మ ఒకటిన్నర సెకను ముందే అయిపోయింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ లైట్ల ఫైల్ సెకనుకి 30 ఫ్రేముల్లో ఉంది, నేను చేసింది 24లో. 192 ఫ్రేములు 30 లెక్కన ఆడితే ఆరు సెకన్ల చిల్లరే కదా. మళ్ళీ పదిగంటలా అని తల పట్టుకున్నాక వెలిగింది, పీఎన్‌జీలకి స్పీడ్ ఉండదు, బొమ్మలు బొమ్మలే. వాటినే 24లో కూర్చితే సరిపోయింది, రెండు నిమిషాల పని. కరెంట్ పోయిన రోజుకి అప్పుడు థాంక్స్ చెప్పుకున్నా.

ఎనిమిది సెకన్లకి మొత్తం ఐదు వారాలు పట్టింది. స్టూడియోల్లో కూడా మంచి క్వాలిటీ పనికి ఒక యానిమేటర్ వారానికి చేసేది కొద్ది సెకన్లే అని తెలిశాక కొంచెం ధైర్యం వచ్చింది. ఫైనల్ అక్కకి పంపిస్తే ఏమీ అనలేదు, ఫోన్‌లో మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుని చూసింది, అంతే. సార్ దగ్గర్నుంచి మూడు నోట్స్ వచ్చాయి. రెండు సరిచేసేశా. మూడోది, ఫ్రేమ్ 131 దగ్గర ఎడమ మోచెయ్యి చిన్నగా ఎగిరిపడుతోందట. నడుము చూశా, భుజం చూశా, ఆ చుట్టుపక్కల ఉన్న కీలు ఒక్కోటీ తీసి చూశా. రెండు రోజులైంది, ఇంకా ఎగిరిపడుతూనే ఉంది.